ఒకరి మాత్ర, ఇద్దరి ప్రాణం

మా చర్చిలో ఈమధ్య ఫార్మసీ చదువు పూర్తి చేసిన పిల్లలు ముగ్గురు నలుగురు తయారయ్యారు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, బయట చెప్పులు వేసుకుంటుంటే వాళ్లలో ఒకమ్మాయి నా పక్కకొచ్చి ఈ ఉద్యోగంలో అసలు ఏముంటుంది ఆంటీ అని అడిగింది. కాలేజీలో చెప్పారు కదా అన్నాను. మందుల గురించి చెప్పారు గాని వాటిని కొనుక్కునే మనుషుల గురించి చెప్పలేదంది. ఆ మాట నాకు నచ్చింది. నిలబడి చెప్పేంత చిన్న జవాబు కాదు కాబట్టి ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను.

నా పేరు కరుణ. మా నాన్న భీమిలి నుంచి బడి పంతులుగా జంషెడ్‌పూర్ వచ్చాడు, నేను ఇక్కడే పుట్టి ఇక్కడే పనిచేసి ఇక్కడే రిటైరయ్యాను. మొదట సీతారాండేరాలో ఒక మందుల షాపులో, ఆ తర్వాత చాలా ఏళ్లు ఒక విడిభాగాల కర్మాగారం డిస్పెన్సరీలో మందుల కిటికీ దగ్గర కూర్చున్నాను. జనం నన్ను సిస్టరమ్మ అనేవారు. సిస్టర్ని కాదు, ఫార్మసిస్టుని అని మొదట్లో సరిదిద్దేదాన్ని. అప్పుడు కాంపౌండరమ్మ అన్నారు. అంతటితో ఆ పోరాటం మానేశాను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి, గోడకున్న సన్మాన పత్రాల గురించి ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరి జ్వరమూ తగ్గలేదు.

ఒక్కటి మాత్రం ముందే చెబుతాను. మందు చేతికివ్వడం ఈ ఉద్యోగంలో సులువైన సగం. ఇంటికి వెళ్లాక ఆ మందు ఏమవుతుందో తెలుసుకోవడం కష్టమైన సగం. డబ్బు చాలనివాళ్లు మందుల దగ్గర ఏదో ఒక రకంగా ఆదా చేస్తారు. ఆ ఆదాలో మంచిదీ ఉంటుంది, ప్రాణం తీసేదీ ఉంటుంది. ఏది ఏదో వాళ్లకు చెప్పేవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ ఉండరు.

సేఠ్‌జీ కత్తెర

సీతారాండేరా షాపు యజమానిని అందరం సేఠ్‌జీ అనేవాళ్లం. ఆయన లాభం మనిషి, అందులో దాచేదేమీ లేదు. ఎక్కువ మిగిలే బ్రాండు చేతికందే అరలో ఉండేది. అదే మందు చవక పేరుతో ఉన్నది పై అరలో, నిచ్చెన వేస్తేగాని అందేది కాదు. ఎవరైనా ఆ చవక మందే కావాలని అడిగితే మాత్రం మారుమాట లేకుండా దించి ఇచ్చేవాడు. అడగందే అమ్మైనా పెట్టదని మనవాళ్ల సామెత. సేఠ్‌జీ వ్యాపారం మొత్తం ఆ సామెత మీదే నడిచింది.

కానీ నాకు కత్తెర పట్టుకోవడం నేర్పింది ఆయనే. స్ట్రిప్పు మొత్తం కొనలేనివాడికి నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క చివరిదాకా షాపులోనే మిగలాలి. కొన్నవాడికి కాగితం కవరు మీద ఆ రెండూ రాసి ఇవ్వాలి. లేకపోతే రేపు ఆ ముక్క డబ్బా అడుగున పడి, ఎవరికో తలనొప్పి వచ్చిన రోజు పైకి తేలుతుంది. పేదవాడికి సరుకు తక్కువ ఇచ్చినా పర్వాలేదు గాని వివరం తక్కువ ఇవ్వకూడదనేవాడు. లాభం మనిషి నోట ఇలాంటి మాట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మనుషుల్ని మొత్తంగా మంచీ చెడూ అని తేల్చెయ్యకండి.

ఆ షాపులోనే ఇంకోటి చూశాను. చీటీలో అయిదు మందులుంటే, చేతిలో డబ్బు చాలనివాళ్లు ఆ మాట పైకి చెప్పరు. రేటు విని మొహం పక్కకు తిప్పుకుని, ప్రస్తుతానికి ఇది ఒక్కటి ఇవ్వండి అంటారు. ఆ ఒక్కటి ఎప్పుడూ చవకది. చాలాసార్లు అది గ్యాస్ మాత్రో, బలం టానిక్కో అయ్యేది, జబ్బు తగ్గించేది చీటీలోనే ఉండిపోయేది. భుయ్యాడీ నుంచి ఒకామె చంటిబిడ్డకు నిమ్ము చేసిందని వచ్చి, దగ్గు సిరప్పు ఒక్కటి కొనుక్కుని పోబోయింది. ఆమెను ఆపి, ఇందులో తప్పనిసరైనవి ఏవో డాక్టరు గారినే అడిగి గుర్తు పెట్టించుకు రమ్మని తిప్పి పంపాను. కసురుతాడేమోనని ఆమె భయపడింది, నేనూ భయపడ్డాను. ఆయన కసరలేదు. దగ్గు సిరప్పుతో సహా మూడు కొట్టేసి రెండు ఉంచాడు. డబ్బు ఇబ్బంది అని ముందే చెబితే ముందే కొట్టేసేవాణ్ని కదమ్మా అన్నాడట. అడగడానికి ఈమె సిగ్గుపడింది, అడగలేదు కాబట్టి ఆయనకు తట్టలేదు. సగం ఖర్చు ఈ ఇద్దరి మౌనంలోనే ఉంటుంది.

లాహిరి డాక్టరు

డిస్పెన్సరీలో నా పై అధికారి లాహిరి డాక్టరు. కఠినమైన మనిషి. కర్మాగారంలో పర్మినెంటు కార్మికులకు, వాళ్ల భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకు మెడికల్ కార్డు ఉండేది. కార్డు చూపిస్తే మందు ఉచితం. కాంట్రాక్టు కూలీలకు కార్డు లేదు. అదే గేటు, అదే వేడి, అదే దుమ్ము. కానీ వాళ్లకు దెబ్బ తగిలితే కట్టు కట్టి పంపడం వరకే మా పని.

ఒకసారి ఒక కార్మికుడు కార్డు మీద తీసుకున్న మందుల్ని బయట షాపులో అమ్ముతూ దొరికాడు. లాహిరి డాక్టరే పైకి రాశాడు. అతనికి ఛార్జిషీటు ఇచ్చారు, కార్డు పోయింది. ఇంట్లో అతని తల్లి షుగర్ రోగి. ఆమె మందులూ పోయాయి. ఆ సంగతి చెబితే డాక్టరు నావైపు చూడకుండానే, ఉచితంగా వచ్చేదానికి చుట్టాలెక్కువ, అందరినీ నేను మేపలేను అన్నాడు. నాకు కోపం వచ్చింది. కానీ ఆయన మాటలో నిజం లేకపోలేదు. మందులు తక్కువ పడిన నెలల్లో వరుసలో చివర నిలబడ్డవాళ్లను ఉత్త చేతులతో పంపింది నేనే కదా.

ఇక చెప్పబోయే అప్పలనాయుడు గారి సంగతి అర్థం కావాలంటే ఈ నియమం మీకు తెలిసుండాలి.

గీత ఉన్న బిళ్ల

అప్పలనాయుడు గారు విజయనగరం వైపు మనిషి. ఇనుము కాల్చి సాగగొట్టే ఫోర్జ్ షాపులో పర్మినెంటు. సిద్ధగోరాలో ఇల్లు. భార్య పైడమ్మ. తమ్ముడు సింహాచలం, అతని భార్య, కూతురు కూడా ఆ ఇంట్లోనే. రెండు కుటుంబాలకూ ఒకటే పొయ్యి. సింహాచలం కూడా మా కర్మాగారంలోనే పనిచేసేవాడు, కాకపోతే ఠేకేదారు కింద, కాంట్రాక్టు కూలీగా. ఎత్తు మీద షెడ్డు దూలాలకు రంగు వేసే పని.

నాయుడు గారికి బీపీ. ప్రతి నెలా నా కిటికీ దగ్గరికి వచ్చి మాత్రలు తీసుకునేవారు. ఆయన దగ్గర నాకు వింతగా కనిపించింది ఒకటే. కొన్ని మాత్రలకు నడుమ గీత ఉంటుంది, సగానికి విరవడానికి వీలుగా. గీత లేని మాత్రలు వచ్చిన నెల ఆయన తీసుకునేవారు కాదు.

"ఇయ్యి కాదమ్మా. నడిమిన గీత ఉంటాది సూడు, ఆ బిళ్లలియ్యి. పెద్దది మింగితే గొంతుకడ్డడతాది నాకు" అనేవారు.

కారణం సబబుగానే ఉంది. చాలామంది పెద్దవాళ్లు అలాగే సగం చేసి రెండు ముక్కలూ మింగుతారు. నేను వెతికి గీత ఉన్నవే ఇచ్చేదాన్ని.

చిక్కేమిటంటే ఆయన బీపీ తగ్గేది కాదు. లాహిరి డాక్టరు మొదట ఉప్పు మీద అనుమానపడ్డాడు. మనవాళ్లకు ఎండుచేప లేకపోతే ముద్ద దిగదని ఆయనకు బాగా తెలుసు. ఎండుచేప మానమన్నాడు. మానేశామని పైడమ్మ వచ్చి బైబిలు మీదో భగవద్గీత మీదో ప్రమాణం చేసినంత గట్టిగా చెప్పింది. పైడమ్మ నన్ను అప్పా అని పిలిచేది, వాళ్ల వైపు అక్కను అలా అంటారు. "ఆ వాసనే ఇంట్లోకి రానియ్యట్లేదప్పా" అంది. ఆ మాట నిజమేనని తర్వాత తెలిసింది. ఎండుచేప నిజంగానే మానేశారు. బీపీ మాత్రం దిగలేదు.

చివరికి డాక్టరు మందే మార్చాడు. కొత్తది బలమైన మాత్ర. రోజంతా కొద్దికొద్దిగా కరిగేలా చేసింది. పైన నున్నటి పూత, గీత ఉండదు. ఇలాంటి మాత్రను విరిస్తే రోజంతటికీ సరిపడే మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. కిటికీ దగ్గర ఈ సంగతి నాయుడు గారికి నెమ్మదిగా చెప్పాను. సగం చేయకూడదు, నూరకూడదు, మొత్తంగా మింగాలి అన్నాను.

"ఇరిపితే ఏటవుతాదమ్మా?" అన్నారు.

బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయన్నాను. గొంతుకు అడ్డం పడుతుందంటే నీళ్లెక్కువ తాగమన్నాను. ఆయన స్ట్రిప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఇంకేదో అడగాలన్నట్టుంది మొహం. వెనక వరుసలోవాళ్లు జరగమని హిందీలో కేకలు వేశారు. ఆయన జరిగి వెళ్లిపోయారు.

బెల్టు

ఆ వారంలోనే ఒక పగటిపూట నలుగురు కూలీలు ఒక మనిషిని స్ట్రెచరు మీద మోసుకొచ్చారు. దూలం మీద రంగు వేస్తూ కళ్లు తిరిగి జారిపోయాడట. నడుముకి కట్టిన బెల్టు పట్టుకుంది కాబట్టి కింద పడకుండా గాలిలో వేలాడాడు. అది సింహాచలం. ఒళ్లంతా చల్లటి చెమట. లాహిరి డాక్టరు బీపీ చూసి, మళ్లీ చూశాడు. అంత తక్కువ ఉంది. పొద్దున్న ఏం తిన్నావు, ఏం మందు వేసుకున్నావు అని హిందీలో అడిగాడు. సింహాచలం కళ్లు మూసుకుని నోరు విప్పలేదు.

అంతలో నాయుడు గారు ఫోర్జ్ షాపు నుంచి పరిగెత్తుకొచ్చారు. హెల్మెట్టు చేతిలో ఉంది. తమ్ముడి మొహం చూసి, డాక్టరు మొహం చూసి, నావైపు తిరిగారు.

"నానే ఇచ్చినానమ్మా. సగం ఆడికిచ్చినాను. సార్‌కి నువ్వే సెప్పు, ఇది హిందీలో సెప్పడం నాకు సేతకాదు."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అంత బరువుగా తోచిన పని ఇంకోటి లేదు. ఆయన చెప్పింది నేను చెబితే కార్డు పోతుంది. ఉద్యోగం మీదికి కూడా రావచ్చు. చెప్పకపోతే సింహాచలం ఒంట్లోకి ఏ మందు ఎంత వెళ్లిందో డాక్టరుకి తెలియదు. మంచం మీద మనిషి ఉన్నప్పుడు ఈ రెండింటినీ తూచడానికి లేదు. చెప్పేశాను. సెలైను పెట్టారు, కాళ్లు ఎత్తు చేసి పడుకోబెట్టారు. సాయంత్రానికి అతను లేచి కూర్చున్నాడు.

అప్పుడు డాక్టరు అడుగుతుంటే మొత్తం బయటికొచ్చింది. సింహాచలానికీ బీపీ ఉంది. ఊళ్లో ఒక ఆర్ఎంపీ చూసి చెప్పాడు. బయట కొనాలంటే నెలనెలా ఖర్చు, ఇంట్లో అన్నకు ఉచితంగా వస్తున్నాయి, జబ్బూ అదే. ఇంకేం కావాలి? ఏళ్ల తరబడి అన్న తెచ్చిన మాత్రను పైడమ్మ బ్లేడుతో సగం చేసి, అన్నం కంచాల పక్కన చెరో ముక్కా పెట్టేది. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అని, నేను వద్దన్న కొత్త మాత్రనూ అలాగే కోశారు. కొనుక్కోవాల్సిన అవసరం లేకుండా ఇద్దరికీ వైద్యం జరిగిపోతోందని ఆ ఇంట్లో అందరూ అనుకున్నారు. పండక్కి ఒక్క కోడి కోసినా ఇంటిల్లిపాదికీ పంచుకునే మనుషులు, మాత్రను పంచుకోవడంలో తప్పేముందో వాళ్లకు ఎలా తడుతుంది?

అది కూడా సమానంగా పంచలేదు. చేయి తగిలి ముక్క నలిగిపోయినప్పుడు, నెలాఖరుకి స్ట్రిప్పు అయిపోవస్తున్నప్పుడు నాయుడు గారు తన వంతు మానుకునేవారు. ఆ పొద్దున కూడా రెండో ముక్క నలిగిపోయి, ఆయన వేసుకోలేదు. ఎందుకని డాక్టరు అడిగితే ఆయన చెప్పిన జవాబు నేనే హిందీలోకి మార్చాను.

"ఆడు ఎత్తు మీద పని సేత్తాడు. నాను నేల మీదే ఉంటాను. కళ్లు తిరిగితే నాను కూకుంటాను, ఆడు పడిపోతాడు. అందుకని ముందు ఆడికి."

లాహిరి డాక్టరు కలం మూత పెట్టేశాడు. ఒకరి మందుతో ఇద్దరు బతుకుతున్నారనుకున్నారు, ఏళ్లుగా ఇద్దరికీ వైద్యం లేదు అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత నన్ను గదిలోకి పిలిచి, ప్రమాదం గురించి నివేదిక రాయక తప్పదు, ఏం రాయమంటావని అడిగాడు. ఆయన నన్ను సలహా అడగడం అదే మొదలు, అదే చివర. వెనక ఛార్జిషీటు అందుకున్న మనిషి మందులు అమ్ముకున్నాడు, నాయుడు గారు తన వంతు మానుకున్నాడు, రెండూ ఒకటేనా సార్ అన్నాను. ఆయన కలం మూత తీశాడు. విరవకూడని బీపీ మాత్రను విరిచి వేసుకోవడంవల్ల కళ్లు తిరిగాయని రాశాడు. ఆ మాత్ర ఎవరి కార్డుదో రాయలేదు. నియమం ప్రకారం అది తప్పు. నన్నడిగితే ఇవాళ కూడా ఆ తప్పు వైపే నిలబడతాను.

ఆ మర్నాడు నాయుడు గారికి రక్తపరీక్ష చేయించాడు. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అదుపులేని బీపీ చేసే పనే అది. నొప్పి ఉండదు, చప్పుడు ఉండదు, తెలిసేసరికి సగం పని అయిపోయి ఉంటుంది.

ఉచితానికి హాజరీ

ఇక సింహాచలం మందుల సంగతి. నీకు కార్మిక బీమా లేదా అని డాక్టరు అడిగితే, కటింగ్ అవుతుంది గాని బీమా కార్డు లేదన్నాడు. అంటే జీతంలోంచి బీమా డబ్బు ఏళ్లుగా కోస్తూనే ఉన్నారు. ఆ డబ్బుకి బదులుగా అతనికీ, అతని భార్యాబిడ్డలకీ ఉచిత వైద్యం రావాలి. కార్డు చేయించుకోవడానికి వెళ్లాలంటే ఒక రోజు హాజరీ, అంటే ఆ రోజు కూలి, పోతుంది, ఠేకేదారు మొహం చిట్లిస్తాడు. ఇంట్లో అన్న బిళ్ల ఉండనే ఉంది. అందుకని వెళ్లలేదు. కొన్న చొక్కాను అంగట్లోనే వదిలేసి, అన్న చొక్కా తొడుక్కు తిరిగినట్టయింది.

నేను సెలవు పెట్టి అతనితో బీమా ఆసుపత్రికి వెళ్లాను. వరుస పొడుగ్గా ఉంది. పొద్దున్న నిలబడితే కార్డు, మందులు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బయటికొచ్చాక సింహాచలం ముక్కుతూ మూలుగుతూ, "ఉచితం ఉచితం అంటారు గాని హాజరీ పోయినాది సూడమ్మా" అన్నాడు. అతని మాట తీసిపారేయకండి. కూలి మనిషికి ఉచిత వైద్యం ధర ఒక రోజు కూలి. ఆ ధర కట్టలేకే చాలామంది హక్కుని వదులుకుంటారు. మీరు కిటికీ దగ్గర కూర్చుని, అక్కడికెళ్తే ఉచితమే కదా అని ఎవరినీ దెప్పకండి. ఒక్కసారి వెళ్తే ఎక్కువ రోజులకు మందులు ఇమ్మని అడగడం నేర్పండి.

వెళ్లలేని నెల ఏం చేయాలో కూడా అతనికి చెప్పాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద చిన్న అక్షరాలతో ఉండేదే మందు అసలు పేరు. ఆ అసలు పేరును చీటీ మీద డాక్టరుతోనే రాయించి ప్రభుత్వ జనరిక్ దుకాణంలో చూపిస్తే, అదే మందు చాలా తక్కువకు వస్తుంది. సింహాచలానికి మొదట నమ్మకం కలగలేదు. ఇంత సస్తా ఉందంటే నకిలీ ఏమో అన్నాడు. నెల రోజులు వాడి మళ్లీ వచ్చి బీపీ చూపించుకో, తగ్గకపోతే అప్పుడు నన్ను తిట్టు అన్నాను. తగ్గింది. తిట్టే అవకాశం అతనికి రాలేదు.

ఆ రోజు నుంచి రిటైరయ్యే వరకూ నా కిటికీ దగ్గర ఒక ప్రశ్న చేరింది. బీపీ, షుగర్, ఫిట్స్, ఆయాసం మందులు తీసుకునే ప్రతి మనిషినీ అడిగేదాన్ని, మీ ఇంట్లో ఈ జబ్బు ఇంకెవరికి ఉంది అని. ఏ పుస్తకంలోనూ ఈ ప్రశ్న లేదు. అడిగితే ఎంతమంది తలదించుకున్నారో చెబితే మీరు నమ్మరు. మొగుడి షుగర్ మాత్ర మింగే పెళ్లాం, తల్లి ఇన్‌హేలరు పీల్చే కొడుకు, అందరూ ఆ వరుసలోనే ఉన్నారు. ఎవరి మీదా పైకి రాయలేదు. ఆ ఇంకొక మనిషిని తీసుకురమ్మని, దారి చూపించడమే పనిగా పెట్టుకున్నాను. కొత్తగా వచ్చిన పిల్లలు ఆంటీకి అందరి ఇంటి సంగతులూ కావాలని నవ్వుకునేవారు. నవ్వుకోనిచ్చాను.

సిద్ధగోరా ఇంట్లో

నాయుడు గారు ఆ తర్వాత మాత్ర మొత్తంగానే మింగారు. బీపీ దిగింది. కానీ పోయిన మూత్రపిండాలు తిరిగి రావు. కొన్నాళ్లు మందులతో గడిచింది, తర్వాత డయాలసిస్ మొదలైంది. ఒక్కసారి కూడా ఆయన తమ్ముణ్ని ఒక మాట అనగా ఎవరూ వినలేదు. నేను రిటైరై సోనారిలో ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో ఆయన పోయారని కబురు వచ్చింది. వెళ్లి చూసి వచ్చాను. పైడమ్మ కంట నీరు లేదు. వచ్చిన ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఆమె వాళ్లకు మంచినీళ్లిస్తూ తిరిగింది.

పెద్ద కర్మ అయిన కొన్నాళ్లకు పైడమ్మ ఫోను చేసి, ఒక్కసారి రా అప్పా అంది. ఎందుకని అడిగితే వచ్చాక చెబుతానంది. ఆటోలో వెళ్లాను. తలుపు తీసింది సింహాచలం కూతురు. నేను తెలుగులో పలకరిస్తే ఆ పిల్ల హిందీలో జవాబిచ్చింది. పెదనాన్న పోయినప్పటి నుంచి నాన్న మందు వేసుకోవడం లేదట, నిన్న ముక్కులోంచి రక్తం కారిందట.

సింహాచలం లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సంచిలో ఎప్పుడూ ఉండే మిషనుతో బీపీ చూశాను. ఉండకూడనంత ఉంది. చెప్పాల్సినవన్నీ చెప్పాను. పక్షవాతం రావచ్చన్నాను, అన్నకు వచ్చిన జబ్బే నీకూ వస్తుందన్నాను, ఆడపిల్ల ఉందన్నాను. నలభై ఏళ్లు జనానికి చెప్పిన మాటలే. అతను విన్నాడు, ఆ తర్వాత చాలా మెల్లగా మాట్లాడాడు.

"అన్న వంతు తినీసి నాను మిగిలినానమ్మా. ఆయన బిళ్ల నాను మింగకపోతే ఆయన ఉండీవోడు. ఇప్పుడీ బిళ్ల నోట్లో ఏసుకుంటే గొంతు దిగట్లేదు. మరింక నాకెందుకు?"

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఏ మందు ఎలా పనిచేస్తుందో చెప్పగలను గాని, ఇలాంటి అప్పు మోసే మనిషికి ఏం చెప్పాలో నాకు ఎవరూ నేర్పలేదు. పైడమ్మ వైపు చూశాను.

ఆమె వంటింట్లోకి వెళ్లి గ్లాసుతో నీళ్లు, అతని మాత్ర ఒకటి తెచ్చింది. మరిది ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నీ వంతు తీసి పక్కనెట్టినాకే ఆయన అన్నానికి కూకునేవోడు బాబూ. బ్లేడట్టుకుని కోసింది నాను. తప్పుంటే నాకూ ఉంది. నువ్వు మానీసి పోయినావంటే ఆయన ఉత్తినే పోయినట్టవుతాది. అది నాను ఒప్పుకోను. మింగు."

అతను కదల్లేదు. ఆమె చేయి చాపి అలాగే పట్టుకుంది. కాసేపటికి అతను మాత్ర తీసుకుని నోట్లో వేసుకున్నాడు, నీళ్లు తాగాడు. ఆమెకు నమ్మకం కుదరలేదు.

"నోరు తెరిసి సూపించు" అంది.

అంత మనిషీ నోరు తెరిచి చూపించాడు. పైడమ్మ లోపలికి చూసింది, నాలుక ఎత్తమంది, మళ్లీ చూసింది. ఖాళీ గ్లాసు నేల మీద పెట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది.